ఒక్క సూతు ఖాళీ: పనిముట్ల పెట్టె ఎలా చేయాలి?

వానాకాలం వచ్చిందంటే చాలు, చాలా ఇళ్లలో ఏదో ఒక తలుపు మొరాయిస్తుంది. వేసవిలో వేలితో నెడితే పడిన తలుపే, శ్రావణం వచ్చేసరికి భుజం ఆనిస్తే గానీ పడదు. చెట్టు కొట్టి ఎన్నేళ్లయినా చెక్క గాలిలోని తేమను పీల్చుకుంటూ, వదులుతూనే ఉంటుంది. పీల్చుకుంటే ఉబ్బుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. చెక్కతో పనిముట్ల పెట్టె చేయడంలో అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ముచ్చటగా చేసిన పెట్టె రెండు వానాకాలాలకే పగిలిందంటే, తప్పు చాలాసార్లు జిగురుదీ కాదు, మేకులదీ కాదు. చెక్క కదలడానికి చోటు లేకపోవడమే.

ఎంత కదులుతుంది? ఇంజనీరింగ్ వాళ్లం కదా, లెక్క వేసే చూద్దాం. పచ్చి టేకు పూర్తిగా ఎండితే, వయసు వలయాల వెంబడి దాదాపు 5.8 శాతం ముడుచుకుంటుంది. నడిబొడ్డు నుంచి బెరడు వైపు 2.5 శాతం. పొడవు మాత్రం దాదాపు మారదు. ఈ ముడుచుకోవడం తేమ సుమారు 30 శాతానికి దిగాకే మొదలవుతుంది. అంటే తేమ 1 శాతం మారితే వెడల్పు ఎక్కువలో ఎక్కువ 0.19 శాతం మారుతుందన్నమాట. అడుగు వెడల్పు పలకలో ఎండలకీ వానలకీ మధ్య తేమ 6 శాతం తేడా వస్తే, ఆ పలక 3.5 మిల్లీమీటర్ల దాకా కదులుతుంది. వడ్రంగుల లెక్కలో అంగుళానికి ఎనిమిది సూతులు. కాబట్టి మన కదలిక ఒక సూతు పైచిలుకు. ఈ సూతుకి చోటు చూపించడమే మన పని.

మొదట గోడలు. 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తు ఉన్న పెట్టె అనుకుందాం. చెక్క మందం ఆరు సూతులు, అంటే ముప్పావు అంగుళం. లోపల మిగిలే పొడవు 22½ అంగుళాలే కాబట్టి మీ రంపాన్ని ముందే కొలుచుకోండి. చేవ ఉన్న ఎండు చెక్క తీసుకోండి. తెల్లగా ఉండే పై భాగానికి పురుగు త్వరగా పడుతుంది. చిత్రిక పట్టి మట్టం చేశాక, నాలుగు గోడల్లోనూ చెక్క నార నేలకు సమాంతరంగా, పెట్టె చుట్టూ తిరిగేలా అమర్చాలి. అప్పుడు నాలుగూ ఎత్తులో కలిసి పెరుగుతాయి, కలిసి తగ్గుతాయి. మూలల దగ్గర తగువు రాదు.

ఇక మూలలు. ఫస్టియర్ కార్పెంటరీ షాపులో మార్కుల కోసం చేసే డోవ్‌టెయిల్ జాయింట్‌కి అసలు చోటు ఇదే. పావురం తోకలా చివర వెడల్పుగా ఉంటుంది కాబట్టి, ఒక దిక్కున ఎంత లాగినా ఊడిరాదు. రెండో దిక్కు సంగతి జిగురు చూసుకుంటుంది. కోసిన కొస జిగురును తాగేస్తుంది కాబట్టి రెండు పలకల్ని ఊరికే ఆనించి అంటిస్తే బలం ఉండదు. డోవ్‌టెయిల్‌లో నార పక్కలు ఒకదానికొకటి తగులుతాయి, అక్కడ జిగురు గట్టిగా పడుతుంది. తోక వాలు టేకులాంటి గట్టి చెక్కకు 1:8, మెత్తని చెక్కకు 1:6 పెడతారు. వాలు మరీ ఎక్కువైతే తోక మొనలు విరిగిపోతాయి. ముందు తోకలు కోసి, వాటినే రెండో పలక మీద పెట్టి గీత గీయండి. రంపం గీత మీద కాదు, పారేసే భాగం వైపు నడవాలి. జిగురు లేకుండా ఒకసారి బిగించి, ఎదురెదురు మూలల మధ్య దూరాలు రెండూ కొలవండి. సమానంగా ఉంటే పెట్టె మూలమట్టంలో ఉన్నట్టే.

అడుగుకి ప్లైవుడ్ వాడొచ్చు. దాని పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉండి కదలికను ఆపేస్తాయి. గోడల లోపల గాడి తీసి అందులోకి దించితే చాలు. కింద రెండు పట్టీలు కొడితే నేల చెమ్మ తగలదు.

ఎక్కువ పెట్టెలు పగిలేది మూత దగ్గరే. ఒకే వెడల్పాటి పలక వేసి, దానికి అడ్డంగా పట్టీలు జిగురుతో అంటిస్తారు. పట్టీ పొడవు మారదు, పలక వెడల్పు మారుతుంది. చివరికి పలకే చీలుతుంది. బదులుగా నాలుగు పట్టీలతో చట్రం కట్టి, లోపలి అంచున గాడి తీసి, అందులో పలకను జిగురు లేకుండా వదిలేయండి. వేసవిలో చేస్తుంటే రెండు పక్కలా కలిపి ఒక సూతు ఖాళీ ఉంచండి. వానల్లో చేస్తుంటే పలక అప్పటికే ఉబ్బి ఉంటుంది కాబట్టి తక్కువ చాలు. వంతెన మీద ఎక్స్‌పాన్షన్ జాయింట్ చేసే పనే ఇది. పాత ఇళ్ల పలకల తలుపుల్లోనూ ఇదే పద్ధతి.

చివరగా పాలిష్. ఉప్పుకాగితం 120తో మొదలుపెట్టి, 180, 220 దాకా, ఎప్పుడూ నార వెంబడే రుద్దండి. లోపలికి లక్క మంచిది. మోదుగ, రేగు చెట్ల మీద బతికే చిన్న పురుగు ఇచ్చేదే ఈ లక్క. ఏటికొప్పాక బొమ్మల మెరుపూ దీనిదే. అక్కడ తిరిగే బొమ్మకు లక్కను ఆనిస్తే రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది, మనం స్పిరిట్‌లో కరిగించి పలచగా మూడు నాలుగు పూతలు వేస్తాం. బయట రంగు తేలాలంటే అవిసె నూనె వాడొచ్చు. కానీ జాగ్రత్త! నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పడేస్తే, ఆరే క్రమంలో వేడెక్కి వాటంతటవే అంటుకోగలవు. విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో వేయండి.

ఏ పాలిషూ తేమను పూర్తిగా ఆపదు, ఆలస్యం చేస్తుందంతే. అందుకే పలకకు రెండు వైపులా సమానంగా వేయాలి. ఒకవైపే వేస్తే రెండోవైపు ముందు ఉబ్బి పలక వంగుతుంది.

మూత పలకకు మాత్రం చట్రంలో బిగించకముందే పాలిష్ వేసేయండి. లేదంటే వేసవిలో పలక ముడుచుకున్నప్పుడు అంచున పాలిష్ లేని తెల్ల గీత బయటపడుతుంది. వానల్లో ఒకసారి, మార్చి చివర్లో ఒకసారి చట్రంలో కనిపించే పలకపై రెండు అంచుల దగ్గరా పెన్సిల్ గుర్తు పెట్టి చూడండి. మనం కాగితం మీద వేసిన లెక్క చెక్క మీద ఎంతవరకు నిజమైందో మీకే తెలుస్తుంది.