ఇంటిలోని పాతకారు: ఉంచవలెనా, అమ్మవలెనా?

గోదావరి మండలములలోని పెద్ద లోగిళ్ల ప్రక్కనుండు సావిళ్లు ఆయా కుటుంబముల చరిత్రలను చెప్పుచుండును. పెట్టెబండి నిలిచినచోట కొంతకాలమునకు కారు నిలిచినది. ఆ కారు చుట్టును నేడు కొబ్బరికాయల రాశులు చేరినవి. వచ్చిన చుట్టములు "ఇంత ముచ్చటైన కారును అమ్ముకొందురా?" అందురు. పాత యినుము కొనువాడు తూకమునకిమ్మనును. ఈ రెండు మాటల నడుమ నలుగునది గృహిణి. కారుపై దుమ్ము దులిపించునది ఆమె, మేస్త్రికి కబురంపునది ఆమె. నిర్ణయమునకు మాత్రము ఆమెను పిలుచుట యరుదు. ఈ విషయమున సోదరీమణులు తెలిసికొనదగిన సంగతులు కొన్నింటిని ఇచ్చట వ్రాయుచున్నాము.

ఉదాహరణమునకు స్టాండర్డు హెరాల్డు కారును తీసికొందము. బ్రిటనులో 1959లో వెలువడిన ఈ కారునకు రూపకల్పన చేసినవాడు ఇటలీ దేశీయుడగు మికెలోట్టి. మన దేశమున మద్రాసునందలి స్టాండర్డు మోటార్ ప్రొడక్ట్సు వారు 1961 నుండి దీనిని తయారుచేసిరి. ఇద్దరు కూర్చుండు స్పోర్ట్సు కార్లలో పేరొందిన స్పిట్‌ఫైరు 1962లో హెరాల్డు చట్రమును ఆధారము చేసికొని పుట్టినదే. కావున హెరాల్డు దానికి అక్కవంటిది. ముందరి రెక్కలతోగూడ బానెట్టంతయు ఒక్కటిగా ముందునకు తెఱచుకొనును; ఇంజను మేస్త్రి చేతికి చక్కగా నందును. 1970వ దశకము తొలి యేండ్లకే దీని తయారీ ముగిసినది. అనగా నేడు మిగిలిన హెరాల్డులన్నియు 50 ఏండ్లు దాటినవే.

ఈ కార్లు క్రొత్తవిగా నున్ననాడు రాజమహేంద్రవరము, కొవ్వూరుల నడుమ రోడ్డు వంతెన లేదు. రోడ్డు, రైలు కలిసిన వంతెన 1974లో వచ్చినది. అట్టి దినములలో కారుగల యిల్లు ఊరికంతకు పనికివచ్చెడిది. పురిటికి ఆసుపత్రికి పోవుటకును, పెండ్లికొడుకును తెచ్చుటకును ఆ కారే దిక్కు. కావున దానిపై మమకారము వట్టి డంబమని మేమనము. కాని తాతలు నేతులు త్రాగిరని మన మూతులు వాసన చూపినచో నేమి ప్రయోజనము? కారును ఉంచుటయనగా దానిని పోషించుట.

మన డెల్టా గాలి యినుమునకు శత్రువు. కాలువలు, చెఱువులు, వరిచేలు, సముద్రము, ఇన్నింటి తేమయు సావిడిలోనికి వచ్చును. 1986 ఆగస్టు వరదలోగాని, 1996 నవంబరులో కోనసీమను కూల్చిన తుపానులోగాని నీట మునిగిన కారైనచో మఱింత జాగ్రత్త వలయును. పైరంగు చూచి మోసపోరాదు. లోపలి చాపలను ఎత్తించి నేలరేకును, క్రింద దూరి చట్రమును మేస్త్రిచే పొడిచి చూపింపవలెను. హెరాల్డు బలమంతయు వేఱుగానుండు ఆ చట్రమునందే యున్నది. అది పుచ్చినచో తక్కిన మరమ్మతులన్నియు బూడిదలో పోసిన పన్నీరే.

కదలని కారు కదలు కారుకంటె త్వరగా చెడును. బ్యాటరీ చచ్చును, టైర్లు ఒకవైపు నొక్కుకొనును, బ్రేకులు పట్టుకొనిపోవును, ఎలుకలు తీగలను కొఱుకును. 2025 నాటికి మన పెట్రోలునందు నూటికి 20 పాళ్లు ఇథనాలు కలుపుచున్నారు. అది తేమను పీల్చును. పాతకాలపు రబ్బరు గొట్టములను పాడుచేయును. కావున ఉంచదలచినవారు ఆ గొట్టములను మార్పించి, పక్షమునకొక మారైనను ఇంజను బాగుగా వేడెక్కునట్లు నడిపింపవలెను.

ఇక కాగితముల సంగతి. యజమాని కాలము చేసినచో వారసులు 30 దినములలోపల రవాణా కార్యాలయమునకు తెలిపి, మూడు మాసములలోపల తమ పేరునకు మార్పునకై దరఖాస్తు చేయవలెను. పెక్కుచోట్ల సి బుక్కు పెట్టెలోనే యుండిపోవును. సొంతవాడుక కారు రిజిస్ట్రేషను మొదట 15 ఏండ్లును, పిమ్మట తడవకు 5 ఏండ్లును చెల్లును. 20 ఏండ్లు దాటిన కార్లకు ఈ పునరుద్ధరణ రుసుమును 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేసిరి.

50 ఏండ్లు దాటి తొలిరూపము చెడని కార్లకు 2021 జూలైలో కేంద్రప్రభుత్వము వింటేజి తరగతిని ఏర్పఱచినది. క్రొత్త నమోదునకు 20,000 రూపాయలు. అది పదేండ్లు చెల్లును. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తీసికొనిపోవచ్చునుగాని దినదినపు రాకపోకలకు వాడరాదు. చట్రమునుగాని ఇంజనునుగాని మార్చినచో ఆ యర్హత పోవును. కావున పాత ఇంజను తీసి డీజిలు ఇంజను వేయింతునను మేస్త్రి మాట వినకుండుట మేలు.

మేమెఱిగిన కోనసీమ యింట నొకదాన హెరాల్డు గలదు. యజమాని పోయిన పిమ్మట హైదరాబాదునందలి పెద్దకుమారుడు "నాన్నగారి కారు, ఉంచవలసినదే" యనెను. విదేశమందలి చిన్నవాడు అమ్ముమనెను. కోడలు మాత్రము "అత్తయ్యగారూ, మీ మనసులో నేమున్నది?" అని యడిగినది. అంతవఱకు ఆమె నెవరును అడుగలేదు. "మీ మామగారు నడుపుచుండగా చూచుట నాకిష్టము. ఇట్లు పడియుండగా చూచుట కష్టము" అని యామె చెప్పినది. పిమ్మట ఏడాది గడువు పెట్టి, ఉంచుమన్నవాడే వచ్చి నడుపవలెననియు, ఖర్చులో సగము పంపవలెననియు కోరినది. బీమా, బ్యాటరీ, మేస్త్రి కూలి, అన్నియు చిట్టాలో వ్రాసినది. ఆ యేడు కుమారుడు వచ్చినది సంక్రాంతి కొక్కమారే. అతడే చిట్టా చూచి "అమ్మా, నీ యిష్టము" అనెను. వారసులందఱి సమ్మతితో సి బుక్కు తన పేరునకు మార్పించుకొని, హెరాల్డులను నడుపుకొను ఒక పెద్దమనిషికి ఆమె అమ్మినది. సొమ్ము ఆమె పేరనే బ్యాంకిలో నున్నది.

భీమవరము దగ్గఱ మఱియొక యింట కథ వేఱు. ఆ యింటి కుమార్తె మేస్త్రియొద్ద పని నేర్చి, తండ్రి కారును తానే బాగుచేసికొనుచున్నది. ఆ యింట ఉంచుటయే తగును.

అమ్మువారికొక హెచ్చరిక. సొమ్ము చేతికి రాగానే కాగితముల మాట మఱవరాదు. రాష్ట్రములోనే అమ్మినచో 14 దినములలోపల రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. రిజిస్టరులో నెవరి పేరుండునో వారే యజమాని యనియు, ప్రమాదమైనచో నష్టపరిహారపు భారము వారిదే యనియు 2018లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. ఎవరో నడిపిన కారునకు ముసలి తల్లి కోర్టుమెట్లు ఎక్కవలసిన గతి రాగూడదు గదా!

కావున సోదరీమణులారా, మీ సావిడిలోని కారును గూర్చి మాట వచ్చినప్పుడు మూడు ప్రశ్నలడుగుడు. చట్రము గట్టిగా నున్నదా? నడుపువారెవరు? ఖర్చు పెట్టువారెవరు? మూడింటికిని ఇంటివారి పేర్లతో, అంకెలతో జవాబు దొరికినచో ఉంచుకొనుడు. దొరకనిచో తుప్పు తినివేయకముందే, నడుపగలవారి చేతిలో పెట్టుడు. ఆ లెక్క వ్రాయునది మీరే కావున నిర్ణయమునందును మీ మాట చెల్లవలెను.