ఒక్కొక్కటే మొయ్యాలా? మూటకట్టి పంపాలా?
విడిభాగాల రిపేరులో లెక్క తెలిస్తేనే లాభం

పాతపట్నం: ఉభాల వేళ ఆయిల్ ఇంజను ఆగిపోతే రైతుకు కాలూ చెయ్యీ ఆడదు. ఆకుమడి ముదిరిపోతుంది. కూలీలు వేరే పొలానికి వెళ్ళిపోతారు. మహేంద్రతనయలో నీరు కళ్ళెదుటే పారుతున్నా మడిలోకి ఎక్కదు. తీరా ఇంజను విప్పి చూస్తే, చాలాసార్లు చెడిపోయింది గుప్పెట్లో పట్టే ఫ్యూయల్ పంపో, నాజిలో అయివుంటుంది.

ఇంజన్లు అద్దెకిచ్చేవారి కొట్లలో ఓ మూల గోనెసంచి వుంటుంది. అందులో పాడైన పంపులు నాలుగైదు మూలుగుతుంటాయి. ఇంకో రెండు చేరాక శ్రీకాకుళం పంపుదామని వాయిదా. ఆ రెండూ చేరేలోగా బాగున్నవి అయిపోతాయి. మరికొందరిది ఇందుకు విరుద్ధమైన తీరు. ఒకటి చెడగానే చేతపట్టుకుని బస్సెక్కుతారు. ఛార్జీలు, పోయిన రోజు కూలీ కలిపితే రిపేరు కన్నా ప్రయాణమే బరువవుతుంది. ఈ రెండింటికీ మధ్య దారి వుంది. అది తెలియాలంటే కాస్త లెక్క వేసుకోవాలి.

బుల్లి రైలు నేర్పిన పాఠం

ఈ సంగతి మన ప్రాంతానికి కొత్తది కాదు. పర్లాకిమిడి రాజావారి చొరవతో 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా రెండున్నర అడుగుల బుల్లి రైలు నడిచింది. 1931 నాటికి అది గుణుపూర్ చేరింది. పాతపట్నం ఆ దారిలోని స్టేషనే. 2004లో ఆ రైలు ఆగిపోగా, 2011 నాటికి గుణుపూర్ వరకు బ్రాడ్ గేజి వచ్చింది.

ఇటువంటి చిన్న లైన్లకు ఇంజన్లు కొద్ది. వాటి విడిభాగాలు బజారులో దొరికేవి కావు. చెడిన భాగాన్ని బాగు చేసుకుని మళ్ళీ బిగించవలసిందే. ఇంజను మాత్రం అందాకా షెడ్డులో కూర్చోరాదు. కనుక చెడినదాన్ని విప్పడం, బాగున్నదాన్ని వెంటనే బిగించడం, విప్పినదాన్ని తీరికగా బాగుచేసి బీరువాలో పెట్టడం రైల్వేల పద్ధతి. ఇలా చేతులు మారే సామాన్లకు రైల్వేవారు పెట్టుకున్న పేరు యూనిట్ ఎక్స్‌ఛేంజి స్పేర్లు. ఆర్టీసీ డిపోలలోనూ ఇదే ఆచారం. పెద్ద రిపేరు విజయనగరం జోనల్ వర్క్‌షాపు వంటి చోట్ల జరుగుతుంది, బస్సు మాత్రం వేరే యూనిట్‌తో రోడ్డెక్కుతుంది.

ఎన్ని చేరాక పంపాలి?

పన్నెండు ఆయిల్ ఇంజన్లు అద్దెకిచ్చే ఆసామీని తీసుకుందాం. ఈ అంకెలు లెక్క కోసం అనుకున్నవే. ఎవరివి వారు వేసుకోవచ్చు. ఏడాదికి 12 ఫ్యూయల్ పంపులు చెడతాయి. రిపేరుకు ఒక్కోదానికి 600 రూపాయలు. పట్నం వెళ్ళి వచ్చే ఖర్చు, ఒకటి పట్టుకెళ్ళినా నాలుగు పట్టుకెళ్ళినా 400 రూపాయలే. కొత్త పంపు ఖరీదు 2,400 రూపాయలు.

ఒక్కొక్కటే మోస్తే ఏడాదికి 12 ప్రయాణాలు, అంటే 4,800 రూపాయలు. రెండేసి పంపితే 2,400. మూడేసి అయితే 1,600. నాలుగేసి అయితే 1,200. ఈ వరస చూస్తే ఎన్ని ఎక్కువ పోగేస్తే అంత లాభమనిపిస్తుంది. తిరకాసు ఇక్కడే వుంది. పాడైనవి మూల కూర్చున్నంతకాలం వాటి బదులు పనిచేయడానికి బాగున్నవి చేతిలో వుండాలి. కట్టకు ఒకటి పెంచితే అదనంగా ఒక పంపు కొనిపెట్టుకోవాలి. రెండు రూపాయల వడ్డీ చొప్పున 2,400కి ఏడాది వడ్డీ 576 రూపాయలు.

ఒకటి నుంచి రెండుకు పెంచితే ప్రయాణాల్లో 2,400 మిగులు, వడ్డీ 576. లాభమే. రెండు నుంచి మూడుకు 800 మిగులు, 576 ఖర్చు. ఇదీ లాభమే. మూడు నుంచి నాలుగుకు మిగిలేది 400, పోయేది 576. కనుక మూడు దగ్గర ఆగాలి. పోగేసిన ముగ్గురికి బదులు మూడు స్పేర్లు, అవి రిపేరులో వున్న పది పదిహేను రోజులకు కాపుగా మరొకటి, మొత్తం నాలుగు చాలు. గోనెసంచిలో ఆరేడు పడివుంటే సొమ్ము నిద్రపోతున్నట్టే.

సంచి కాదు, బీరువా చూడండి

ఎప్పుడు బయలుదేరాలన్నది రెండో ప్రశ్న. పాడైనవెన్ని చేరాయో లెక్కించడం కన్నా, బాగున్నవెన్ని మిగిలాయో చూడటం మేలు. బీరువాలో ఒక్కటే మిగిలితే మర్నాడే బయలుదేరాలి. సంచిలో రెండే వున్నా సరే. ఏడాదికి 12 అంటే నెలకు ఒకటని కాదు. వేసవిలో ఒక్కటీ చెడకపోవచ్చు, ఉభాల్లో వారానికి రెండు చెడవచ్చు. అందుచేత మే నెల దాటకుండా సంచి పూర్తిగా ఖాళీ చేయించాలి. అప్పుడు మాత్రం కట్ట లెక్క చూడకూడదు. పంట కోల్పోతే పోయేదాని ముందు 400 రూపాయలు ఏపాటివి?

ఎన్నిసార్లు బాగుచేయాలి?

కొత్త పంపు మూడేళ్ళు పనిచేస్తే ఏడాదికి 800 రూపాయలు పడినట్టు. బాగుచేసినది ఏడాది వస్తే రిపేరు 600, ప్రయాణంలో దాని వాటా 133, మొత్తం 733. బాగుచేయడమే మేలు. అదే పంపు మరోసారి బాగుచేసినా ఆరు నెలలకే మొరాయిస్తే ఏడాది ఖర్చు 1,466కి ఎక్కుతుంది. అటువంటిదాన్ని తూకానికి అమ్మి కొత్తది కొనాలి. ఇది తెలియాలంటే ప్రతి పంపుకు ఓ నంబరు కొట్టి, బిగించిన తేదీ, విప్పిన తేదీ నోటుపుస్తకంలో రాసుకోవాలి. చాలామంది చేయనిది ఈ పనే.

ఈ లెక్కను పెద్ద చదువులవారు పట్టించుకున్నారు. ఒక్కసారికి ఎంత సరుకు తయారు చేస్తే గిట్టుబాటని అమెరికన్ ఇంజనీరు ఫోర్డ్ హారిస్ 1913లో సూత్రం రాశాడు. రిపేరుకు వెళ్ళివచ్చే సామాన్లకు దాన్ని డేవిడ్ ష్రేడీ 1967లో వర్తింపజేశాడు. మరుసటి ఏడే అమెరికా వైమానిక దళం స్పేర్ల కోసం క్రెయిగ్ షెర్బ్రూక్ ఇంకా పెద్ద లెక్క కట్టాడు. విమానానికైనా ఆయిల్ ఇంజనుకైనా మూలసూత్రం ఒక్కటే.

ఒకటి రెండు ఇంజన్లే వున్న చిన్న రైతుకు నాలుగు స్పేర్లు కొనే స్తోమత వుండదు. ఒకే రకం ఇంజన్లున్న పదిమంది కలిసి, సహకార సంఘం ద్వారానో, తమలో తామో ఉమ్మడిగా నాలుగు పంపులు పెట్టుకుంటే అందరికీ కాపు దొరుకుతుంది. ఒక్కొక్కరు ఒక్కోటి కొంటే పది కావాలి. పది రైతుల ఇంజన్లు ఒకే వారం చెడటం అరుదు. కావలసింది ఒక బీరువా, ఒక పుస్తకం, పుస్తకం రాసే ఒక మనిషి. ఈ ఏర్పాటు వానలు పడకముందే జరగాలి. మడిలో నీళ్ళు అడుగంటాక వేసే లెక్కతో పంట బతకదు.