గ్రీకుల నాటకం, కళింగాంధ్ర వింతలు

పేరు తెలిసిన మొదటి నటుడు థెస్పిస్. గుంపుగా పాడి ఆడే బృందంలోంచి విడిగా ముందుకొచ్చి పాత్రగా మాట్లాడాడట, క్రీ.పూ. 534 ప్రాంతంలో, ఏథెన్సులో. తరవాత ఈస్కిలస్ రెండో నటుణ్ణి, సోఫోక్లీస్ మూడో నటుణ్ణి దించారు. విషాద నాటకాల్లో అంతకు మించి పెంచలేదు. ముఖానికి తొడుగులు మార్చుకుంటూ ఆ ముగ్గురే రాజు, రాణి, దూత, దేవుడూ అయ్యేవారు.

మనవైపు ముగ్గురు కూడా అక్కర్లేకపోయింది. బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) హరికథ చెప్పడానికి కాళ్లకు గజ్జెలు కట్టి నిలబడితే తొడుగులు లేకుండానే కథలో ఉన్నవాళ్లంతా ఆయనే. చేతులు, కాళ్లు, తల కలిపి ఒకేసారి అయిదు తాళాలు వేసేవారని ప్రసిద్ధి. విజయనగరం సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాలూ ఆయనే.

కోరస్ అంటే ఇవాళ మనకు సినిమా పాటలో వెనక పాడేవాళ్లు. గ్రీకుల దగ్గర వాళ్లదే పెద్దపీట. డయొనైసస్ దేవుడి జాతరలో యాభై మంది వలయంగా తిరుగుతూ పాడేవారు. వాళ్లు ఆడిన గుండ్రటి నేల పేరే ఆర్కెస్ట్రా. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తప్పెటగుళ్లు చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు. యాదవులు గుండెల మీద రేకు తప్పెట్లు కట్టుకుని, అరచేతులతో వాయిస్తూ, అడుగు తప్పకుండా గంగమ్మ కథ పాడతారు.

ఇక గురజాడ నాటకం కన్యాశుల్కం. 1892 ఆగస్టు 13న విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వారు మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. 1909లో గురజాడ తిరగరాసేసరికి ఎంత పెరిగిందంటే, రెండు మూడు గంటల్లో ముగించాలనుకునే ఏ సమాజమైనా కత్తెర పట్టాల్సిందే. అయితే నా దృష్టిలో అసలు విశేషం నిడివి కాదు, పీఠికలోని లెక్కలు. అప్పటి విశాఖ జిల్లాలో మూడేళ్లలో జరిగిన, డబ్బు తీసుకుని ఆడపిల్లనిచ్చే శుల్కం పెళ్లిళ్లకు మహారాజా ఆనందగజపతి జాబితా రాయిస్తే, పూర్తికాని ఆ జాబితాలోనే 1034 తేలాయి. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఏడాది పసికందు ధర 350 నుంచి 400 రూపాయలు! క్రీ.పూ. 423లో గ్రీకు హాస్య నాటకకర్త అరిస్టోఫనీస్ బతికున్న సోక్రటీసునే రంగం మీద ఎగతాళి చేశాడు. ఊళ్లో జరుగుతున్నదాన్ని ఊరి ఎదుటే ఆడి నవ్వించడంలో గురజాడ అంతటివాడే. కానీ ఇలా లెక్కలు ముందు పెట్టుకుని నవ్వించిన హాస్యం గ్రీకుల్లో నాకు కనబడలేదు.

గ్రీకు రంగస్థలం మీద మరో వింత, దేవుళ్లను గాల్లోంచి దింపే కొయ్య యంత్రం. కథ చిక్కుపడితే దేవుడు దానిమీద వేలాడుతూ వచ్చి తీర్పు చెప్పేవాడు. విజయనగరంలో దేవత వచ్చేది చింతమాను మీద. సిరిమానోత్సవం నాడు యాభై అరవై అడుగుల మాను కొసన పైడితల్లి అమ్మవారి పూజారి కూర్చుంటే, గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిప్పుతారు. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల. కింద జనం పైకి అరటిపళ్లు విసురుతారు.

ఆ తల్లి కథ సోఫోక్లీసుకు దొరికితే వదిలేవాడు కాడు. పైడితల్లి విజయనగరం రాజు విజయరామరాజుకు చెల్లెలనీ, బొబ్బిలి మీదికి వెళ్లొద్దని అన్నను వారించిందనీ చెబుతారు. 1757లో బొబ్బిలి కోట కూలింది. గెలిచిన రాజు కూడా తన గుడారంలోనే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో చచ్చిపోయాడు. ఆ దుఃఖంతోనే ఆమె దేహం వదిలిందట. సోఫోక్లీస్ ‘యాంటిగొనీ’ కూడా అన్న శవం కోసం ప్రాణమిచ్చిన చెల్లెలి కథే.

సిరిమాను తిరిగేది విజయదశమి వెళ్లిన మంగళవారం. చూడాలంటే మధ్యాహ్నానికే కోట దగ్గర చోటు చూసుకోండి, ఆలస్యమైతే నిలబడడానికి కూడా చోటు దొరకదు.