సుందరయ్యనామవిచారము

మనుష్యనామములు రూఢములని తలఁచి వైయాకరణులు వానిని విచారింపక విడుచుట గలదు. అది యన్నియెడల సరిగాదు. ఒకానొకఁడు తన నామమును దానే విఱిచి మరలఁ గూర్చుకొన్నచో నందు వ్యాకరణమును గలదు, చరిత్రయుఁ గలదు. పుచ్చలపల్లి సుందరయ్య పే రట్టిది.

ఈతఁడు 1913వ సంవత్సరము మే 1వ తేదిని నెల్లూరు జిల్లాలోని అలగానిపాడున జన్మించెను. తల్లిదండ్రు లిడిన పేరు సుందరరామిరెడ్డి. 1930లోఁ బదునేడేండ్ల ప్రాయమున మదరాసు లొయోలా కళాశాలను విడిచి, సత్యాగ్రహోద్యమమునఁ బ్రవేశించి కారాగారమున కేఁగెను. విడుదలయైన పిదపఁ దన యూరి వ్యవసాయకూలీలను గూడఁగట్టుటకుఁ బూనుకొనెను. పేరి తుదనున్న కులవాచకమును దొలఁగించుకొనెను. ఇంతవఱకు నందఱు నెఱిఁగినదే. ఆ పదము తొలఁగిన పిమ్మట మిగిలినదేమి యనునది విచార్యము.

"రెడ్డి"ని దీసిన "సుందరరామి" మిగులును. పురుషనామమున నీ "రామి" స్వతంత్రముగ నిలువఁజాలదు. (పల్లెలందు స్త్రీపరముగ వినఁబడు రామి వేఱు.) రామశబ్దము తెలుఁగునఁ బ్రథమైకవచనమున రాముఁ డగును, గౌరవార్థమున రామయ్య, రామన్న యగును. ఇకారాంతరూపము రెడ్డి, సెట్టి, నాయఁడు మున్నగునవి పరమగునపుడు కానవచ్చును: రామిరెడ్డి, రామిసెట్టి, రామినాయఁడు. పరపదము పోయినచో నిమిత్తము పోవును. నిమిత్తము పోయిన నైమిత్తికము నిలువదు. కావునఁ గులవాచకముతోఁ గూడ నా యికారమును దొలఁగవలసినదే. అట్లైనను సుందరరాముఁ డనవచ్చును, సుందరరామయ్య యనవచ్చును. ఈతఁడు రామశబ్దమును గూడ విడిచి పూర్వపదముమీఁదనే "అయ్య" చేర్చెను. సుందర, అయ్య యను రెంటి నడుమ నకారమునకు సంధి. రూపము నిర్దుష్టము.

అయ్యశబ్ద మార్యశబ్దభవమని కొందఱు, తమిళకన్నడములందును గలుగుటచే దేశ్యమని కొందఱు. ఎట్లైనను మన ప్రకృతమునకు భేదము లేదు. ఇది పురోహితుని పేర నుండును, సాలెవాని పేర నుండును, పాలేరు పేరను నుండును. వినినవానికిఁ గులము దెలియదు. ఆ ప్రయోజనమున కింతకంటెఁ దగిన పదము తెలుఁగున మఱొకటి నాకుఁ దోఁపదు.

ఈ పేరితోనే యీతఁడు 1946లో "విశాలాంధ్రలో ప్రజారాజ్యము" వ్రాసెను. 1946 మొదలు 1951 వఱకు సాగిన తెలంగాణసాయుధపోరాటమున నాయకులలో నొకఁ డయ్యెను. 1952లో రాజ్యసభ కెన్నికై సైకిలుమీఁదఁ బార్లమెంటునకుఁ బోవువాఁడని ప్రసిద్ధి గాంచెను. 1955లో గన్నవరమునుండి శాసనసభకు వచ్చెను. 1964 మొదలు 1976 వఱకు మార్క్సిస్టు కమ్యూనిస్టుపక్షమునకుఁ బ్రధానకార్యదర్శి. 1985 మే 19న గతించెను. ఆతని రాజకీయమతముతో మన కిచటఁ బనిలేదు.

పని యంతయు నీ ప్రశ్నతోడిది: చరిత్రకోశములను, పాఠ్యపుస్తకములను గూర్చువారు శిరోనామముగ దేని నుంచవలెను? జన్మనామము సిద్ధము, తక్కినది కృత్రిమమని వాదింపవచ్చును. నే నందుల కొప్పను. సంజ్ఞ యిచ్ఛాధీనము. శిశువునకు సంజ్ఞ నిడు పిత్రాదుల యిచ్ఛ ప్రమాణమైనచోఁ, దన సంజ్ఞను దా నెన్నుకొని జీవితాంతము ధరించిన ప్రౌఢుని యిచ్ఛ యేల ప్రమాణము గాకపోవును? అతఁడు విడిచిన పదమును మనము తెచ్చి మరల నతని పేరికిఁ దగిలించుట యాతని మాటను దిద్దుటయే యగును. శబ్దమును దిద్దుట కధికారము గలదు గాని, వివక్షను దిద్దుటకుఁ బండితునకు లేదు.

అయినను జన్మనామమును బొత్తిగ మఱుఁగుపఱుచుటయుఁ దగదు. అది లేనిచో నీతఁడు దేనిని విడిచెనో చదువరి యెఱుఁగఁడు. శిరోనామమున "సుందరయ్య, పుచ్చలపల్లి" యని, జననవృత్తాంతమున నొక్కతూరి "సుందరరామిరెడ్డి" యని వ్రాసినఁ జాలును. ఈతని తమ్ముఁడు, నెల్లూరఁ బ్రజావైద్యశాలను నడపిన వైద్యుఁడు రామచంద్రారెడ్డి, ఆ పదము నుంచుకొనెను. ఆయన పే రట్లే వ్రాయవలెను.