ఏకాంత హక్కు – ప్రభుత్వ నిఘా

గోడలకు చెవులుంటాయని మన పెద్దలు హెచ్చరించేవారు. ఆ చెవులు ఇరుగుపొరుగువారివైతే గొంతు తగ్గించుకుంటే సరిపోతుంది. ప్రభుత్వానివైతే చట్టమే మనకు రక్ష కావాలి. అట్టి రక్షణ మన దేశంలో ఎంతవరకు ఏర్పడిందో విద్యార్థులు తెలుసుకోవడం అవసరం.

ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్‌సింగ్ అనే వ్యక్తిపై 1941లో దోపిడీ కేసు పెట్టి, సాక్ష్యం లేనందున విడిచిపెట్టారు. అయినా పోలీసులు అతని పేర హిస్టరీ షీటు తెరిచారు. రాత్రివేళ ఇంటికి వచ్చి తలుపు తట్టి నిద్ర లేపేవారు. 1962లో సుప్రీంకోర్టు ఈ రాత్రి రాకలు చెల్లవన్నది. కాని ఏకాంతం రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదనీ, అతని రాకపోకలపై నిఘా సాగవచ్చుననీ అధిక సంఖ్యాకులైన న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. రాజమండ్రిలో జన్మించి, ఆంధ్ర హైకోర్టు ప్రథమ ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ కోకా సుబ్బారావు ఇందుకు సమ్మతించలేదు. ఏకాంతం వ్యక్తి స్వేచ్ఛలో అంతర్భాగమని ఆయన అభిప్రాయం. జస్టిస్ జె.సి. షా ఆయనతో ఏకీభవించారు. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఏకాంతం ప్రాథమిక హక్కేనని ప్రకటించడంతో ఆనాటి అల్పసంఖ్యాక అభిప్రాయానికే విజయం లభించింది.

అయితే హక్కు వేరు, దాని అమలు వేరు. టెలిఫోను సంభాషణలను రహస్యంగా వినే అధికారం 1885 నాటి తంతి చట్టం నుండి ప్రభుత్వానికి సంక్రమించింది. 1996లో సుప్రీంకోర్టు దానికి కట్టుబాట్లు విధించింది. హోం కార్యదర్శి ఉత్తరువు ఉండాలి. దాని గడువు రెండు నెలలు. పొడిగించినా మొత్తం ఆరు నెలలు దాటరాదు. ఒక సంఘం దానిని సమీక్షించాలి. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టంలోనూ ఆ అధికారం కొనసాగుతున్నది. చిక్కు ఇక్కడే ఉన్నది. ఉత్తరువు ఇచ్చేవారూ అధికారులే, సమీక్షించేవారూ అధికారులే. ముందుగా న్యాయమూర్తి అనుమతి అక్కరలేదు. ఎవరి మాటలు విన్నారో వారికి తెలియజేయాలనే నియమమూ లేదు. తెలియనివాడు న్యాయస్థానానికి ఎట్లా పోగలడు?

దేశ భద్రతకు నిఘా అవసరమే. దానిని ఎవరూ కాదనరు. కాని దానికి చట్టం ఆధారం కావాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి అవసరమైన హద్దు మించరాదు. పుట్టస్వామి తీర్పు సారాంశమూ ఇదే.

"దాచవలసినదేమీ లేని నాకు భయమెందుకు?" అని కొందరు విద్యార్థులు ప్రశ్నిస్తారు. ఖరక్‌సింగ్‌పై కూడా సాక్ష్యమేదీ దొరకలేదు. అయినా అతని తలుపు తట్టారు. ఎవరి అనుమతితో, ఎందుకు, ఎంతకాలం అని అడగగలగడమే పౌరునికి నిజమైన రక్షణ.