ఉప్పునీటి అక్వేరియంలో ‘తుంగ’: ఐప్టేసియా ఎనిమోన్ల సమగ్ర యాజమాన్యం

తుంగ పట్టిన పొలాన్ని గుంటకతో ఎన్నిసార్లు తోలినా కొద్ది రోజులకే మళ్లీ మొలకలు లేవడం రైతులందరికీ అనుభవమే. పైన ఆకు తెగుతుంది గాని నేలలోని గడ్డ మిగిలిపోతుంది. గరిక సంగతీ అంతే. నాగలికి తెగిన ప్రతి కణుపూ ఒక కొత్త మొక్కకు ప్రాణం పోస్తుంది. సరిగ్గా ఈ స్వభావమే గల ఒక జీవి ఉప్పునీటి అక్వేరియంలలో పగడాలు పెంచేవారిని ప్రపంచమంతటా వేధిస్తున్నది. అది మొక్క కాదు, జంతువు. సముద్ర ఎనిమోన్ల వర్గానికి చెందిన దాని వాడుక పేరు ఐప్టేసియా, నేటి శాస్త్రీయ నామం ఎక్సైప్టేసియా డయాఫనా.

మొదట ఏ రాతి సందులోనో గోధుమ రంగు పువ్వు వలె ఒకటి కనిపిస్తుంది. ఖర్చు లేకుండా ఒక ఎనిమోన్ దొరికినదని యజమాని సంతోషిస్తాడు. కొద్ది నెలలకు రాళ్లన్నింటి మీద అవే పరచుకుంటాయి. ఏళ్ల తరబడి పెంచిన పగడాలు వాటి కాటుకు ముడుచుకుని, కణజాలం కోల్పోయి, తెల్లని అస్థిపంజరాలుగా మిగులుతాయి. కలుపు శాస్త్రంలో స్థిరపడిన సూత్రాలు ఈ సమస్యకు ఎంతవరకు వర్తిస్తాయో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

గుర్తింపు

ఐప్టేసియా శరీరం సన్నని కాండం వలె పాక్షిక పారదర్శకంగా ఉంటుంది. స్పర్శకాలు పొడవుగా, కొనదేరి ఉంటాయి. తాకిన వెంటనే రంధ్రంలోనికి ముడుచుకుపోవడం దీని ముఖ్య లక్షణం. ఎక్కువగా కలత చెందినప్పుడు దంశకణాలతో నిండిన తెల్లని దారాలను వెలువరిస్తుంది. తొట్టెలలో కనిపించే మరొక కలుపు ఎనిమోన్ మజానో. దీని స్పర్శకాలు పొట్టిగా, లావుగా, కొనలు ఉబ్బి ఉంటాయి. రంగు తరచు ఆకుపచ్చగా ఉండటం వలన కొందరు దీనిని విలువైన బుడగకొనల ఎనిమోన్ అని పొరబడి పోషిస్తారు.

వ్యాప్తి

ఐప్టేసియా లైంగికంగానూ, అలైంగికంగానూ వృద్ధి చెందుతుంది. లైంగిక ప్రత్యుత్పత్తిలో ప్లానులా డింభకాలు ఏర్పడతాయి. తొట్టెలలో ప్రధానమైనది రెండవ పద్ధతి. ఎనిమోన్ జరిగే క్రమంలో దాని పాదచక్రం అంచు నుండి చిన్న తునకలు రాతిపై మిగులుతాయి. ఒక్కొక్క తునక కొద్ది వారాలలో పూర్తి ఎనిమోన్‌గా రూపొందుతుంది. కనుక చాకుతో గీకడం, వేలితో నలపడం, పట్టుకారుతో లాగడం తుంగ మీద గుంటక తోలడంతో సమానం. ఒకటి పోయిన చోట పది లేస్తాయి.

దీని కణజాలంలో ఏకకణ శైవలాలు సహజీవనం చేస్తూ కాంతి నుండి ఆహారం సమకూరుస్తాయి. అయినా దీపాలు ఆర్పివేసినంత మాత్రాన ఇది చావదు. శైవలాలను కోల్పోయి తెల్లబారిన ఐప్టేసియా కూడా నీటిలోని ఆహారాన్ని పట్టుకుని బ్రతుకుతుంది. ఈ మొండితనం వల్లనే పగడాల సహజీవనాన్ని అధ్యయనం చేసే శాస్త్రవేత్తలకు ఇది నమూనా జీవి అయింది. దీని జన్యుపటం 2015లో వెలువడినది. తొట్టెలో కలుపు, ప్రయోగశాలలో సహాయకారి!

నివారణ

కలుపు విత్తనం లేని విత్తనాన్ని ఎంచుకోవడం సేద్యంలో మొదటి మెట్టు. ఇక్కడ ఆ విత్తనం వంటివి కొత్తగా తెచ్చే జీవశిలలు, పగడపు ముక్కలు. పగడపు ముక్క అతికించి ఉన్న చిన్న దిమ్మను తీసివేసి, ముక్కను మాత్రమే తొట్టెలో అమర్చడం మేలు. సాధారణ శుద్ధి ద్రావణాలలో ముంచినంత మాత్రాన ఐప్టేసియా నశిస్తుందన్న భరోసా లేదు. కనుక కొత్త సరుకును వేరొక చిన్న తొట్టెలో నాలుగు నుండి ఆరు వారాలు ఉంచి గమనించాలి.

రెండవ మెట్టు మేత తగ్గించడం. నత్రజని అధికమైన చేనులో కలుపు విజృంభించినట్లే, చేపలు తినగా మిగిలిన మేత ఎనిమోన్లకు ఆహారమవుతుంది. మేతను పొదుపుగా వేసి, మిగులును తొలగించి, నైట్రేట్, ఫాస్ఫేట్‌లను అదుపులో ఉంచితే వ్యాప్తి వేగం తగ్గుతుంది. అయితే ఇది వ్యాప్తిని నెమ్మదింపజేస్తుందే గాని నిర్మూలించదు.

సున్నపు ముద్ద పద్ధతి

ఎనిమోన్లు తక్కువగా ఉన్నప్పుడు ఇది అందుబాటులో ఉన్న చౌక పద్ధతి. సంతృప్త సున్నపు నీటి ఉదజని సూచిక 12కు మించుతుంది. ఆ క్షారత్వం ఎనిమోన్ మృదు కణజాలాన్ని కాల్చివేస్తుంది. తాంబూలపు సున్నంలో ఇతర పదార్థాలు కలిసి ఉండవచ్చు గనుక శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్ పొడినే వాడాలి. నీరు తగలగానే మరిగే రాతి సున్నం పనికిరాదు.

పొడిని కొద్ది నీటితో గట్టి పెరుగు వలె కలిపి, మొండి సూది అమర్చిన సిరంజిలోనికి తీసుకోవాలి. నీటి పంపులను ఆపి, ఎనిమోన్ ముడుచుకోకుండా మెల్లగా సమీపించి, నోటిపై ముద్దను వదలి పూర్తిగా కప్పివేయాలి. ఒక్కొక్క దానికి ఒక మిల్లీలీటరు లోపు సరిపోతుంది. పది, పదిహేను నిమిషాల తరువాత మిగిలిన ముద్దను పీల్చివేసి పంపులను నడపాలి. చిన్న తొట్టెలో ఒకే రోజున నాలుగైదింటికి మించి చేయరాదు. మించితే నీటి క్షారత్వం పెరిగి చేపలకు, పగడాలకు ముప్పు కలుగుతుంది. చేతి తొడుగులు, కంటి అద్దాలు తప్పనిసరి. వారం తరువాత అదే చోటును తిరిగి పరిశీలించి, కొత్తగా లేచిన చిన్నవాటికి మరల వేయాలి. ఒక్క విడతతో తుంగ చావదు, ఇదీ అంతే.

జీవ నియంత్రణ

వయ్యారిభామపై 1984లో మన దేశంలో విడుదల చేసిన జైగోగ్రామా పెంకు పురుగు జీవ నియంత్రణకు తెలిసిన ఉదాహరణ. ఎనిమోన్లకూ అటువంటి సహజ శత్రువులు ఉన్నాయి.

బెర్గియా అనే సముద్రపు నత్త వీటిలో మేటి. గుల్ల లేని ఈ నత్త ఐప్టేసియాను తప్ప మరొక దానిని తినదు. తిన్న ఎనిమోన్ దంశకణాలను తన వీపుపై గల ఉపాంగాలలో దాచుకుని ఆత్మరక్షణకు వాడుకుంటుంది. ఇది రాత్రిపూట సంచరిస్తుంది కనుక దీపాలు ఆర్పి, పంపులు ఆపి, ఎనిమోన్ల దగ్గరనే విడువాలి. ఫలితం కనిపించడానికి నెలలు పడుతుంది. రాస్ జాతి చేపలు, పెప్పర్‌మింట్ రొయ్యలు దీనిని తినివేస్తాయి. ఐప్టేసియా అంతరించిన నాడు ఇదీ ఆకలితో చనిపోతుంది. అందువలన పని ముగియవచ్చినప్పుడు మిగిలిన నత్తలను అవసరమైన మరొకరికి అందజేయడం ఉచితం.

పెప్పర్‌మింట్ రొయ్య సులభంగా దొరుకుతుంది. చిన్న ఐప్టేసియాలను బాగా తింటుంది. పెద్దవాటి జోలికి పోకపోవచ్చు, మజానోను సాధారణంగా ముట్టదు. కొనేటప్పుడు మెలకువ అవసరం. దీనిని పోలిన ఒంటె రొయ్య ఎర్రని ఒంటిపై స్పష్టమైన తెల్లని చారలు, చుక్కలు కలిగి ఉంటుంది. అది ఐప్టేసియాను వదలి పగడాలనే తినగలదు. రాగిపట్టీల సీతాకోక చేప, నూగుతోక ఫైల్‌ఫిష్ కూడా ఐప్టేసియాను తింటాయి గాని, పగడాలను, గొట్టపు పురుగులను కొరికే ప్రమాదం ఉన్నది.

చేయరాని పనులు

మొదటిది, రాళ్లను ఉడికించడం. ఎనిమోన్లు నశిస్తాయన్న తలంపుతో కొందరు జీవశిలలను మరిగే నీటిలో వేస్తారు. ఆ రాళ్లపై జోయాంథిడ్ జాతి పగడాలు ఉంటే పాలీటాక్సిన్ అనే తీవ్ర విషం ఆవిరితో పాటు గాలిలో కలుస్తుంది. దానిని పీల్చినవారికి దగ్గు, జ్వరం, శ్వాసకష్టం కలుగుతాయి. ఉడికించినవారే కాక ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి. అలాస్కాలో 2012–2014 మధ్య ఇళ్లలో, అక్వేరియం దుకాణాలలో ఈ పగడాల వలన జరిగినట్లు అనుమానించిన ఘటనలను అమెరికా వ్యాధుల నియంత్రణ కేంద్రం 2015లో నివేదించినది. ఒక కలుపును చంపబోయి మనుషుల ప్రాణం మీదికి తెచ్చుకోరాదు.

రెండవది, మైలుతుత్తం వాడకం. తెగుళ్లకు బోర్డో మిశ్రమం కలిపే అలవాటుతో రాగి మందును తొట్టెలో వేస్తే రొయ్యలు, నత్తలు, పగడాలు అన్నీ నశిస్తాయి. రాగి సున్నపు రాళ్లలో ఇంకి చాలాకాలం నిలుస్తుంది.

మూడవది, తీసిన రాళ్లను, జీవులను సముద్రంలో పారవేయడం. తొట్టెలోని కలుపు తీరానికి కలుపు కారాదు. అట్లే కొత్త రాళ్ల కోసం సముద్రంలోని పగడాలను తీయడం కూడా తగదు. గట్టి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో ఉన్నాయి.

సమగ్ర యాజమాన్యం

ఒకటి రెండు కనిపించిన దశలో ఆలస్యం చేయక సున్నపు ముద్దతో కాల్చాలి, లేదా వీలైతే ఆ రాతినే తొట్టె నుండి తీసివేయాలి. పదుల సంఖ్యలో ఉన్నప్పుడు మేత తగ్గించి, అందుబాటులో ఉన్న పెద్దవాటిని సున్నంతో తొలగించి, చిన్నవాటికి పెప్పర్‌మింట్ రొయ్యలను విడువాలి. తొట్టె అంతటా పరచుకున్న దశలో రొయ్యలను వదలి బెర్గియాపై ఆధారపడి, మూడు నాలుగు నెలలు ఓర్పు వహించాలి. రొయ్యలను, బెర్గియాను కలిపి వాడరాదు.

పైరు తొలి దశలో తీసిన కలుపు రైతును కాపాడుతుంది, గింజ రాలిన తరువాత తీసిన కలుపు కూలి ఖర్చునే మిగులుస్తుంది. గాజు గోడల నడుమ ఉన్న ఈ చిన్న సముద్రంలోనూ తొలి ఎనిమోన్ కనిపించిన రోజే చర్యకు తగిన రోజు.