విశాఖ నుంచి థార్ తిన్నెలకు: ఏ దారికి ఏ బండి?

విశాఖపట్నం నుంచి జైసల్మేర్‌కు రోడ్డు దారి రెండు వేల కిలోమీటర్ల పైమాటే. జైసల్మేర్ నుంచి పడమరగా ఇంకో 40 కిలోమీటర్లు వెళ్తే సమ్ గ్రామం దగ్గర థార్ ఎడారి ఇసుక తిన్నెలు కనిపిస్తాయి. దేశానికి ఒక అంచున ఉన్న సముద్రతీరం నుంచి రెండో అంచున ఉన్న ఎడారి దాకా సాగే ఈ ప్రయాణానికి ఏ వాహనం మంచిదో తేల్చుకోవాలంటే, ముందు దాన్ని మూడు ముక్కలు చేసి చూడాలి. మొదటిది విశాఖ నుంచి రాజస్థాన్ దాకా ఉన్న సుదీర్ఘ ప్రయాణం. రెండోది జైసల్మేర్ నుంచి తిన్నెల అంచు దాకా తారురోడ్డు. మూడోది ఇసుక మీద నాలుగైదు కిలోమీటర్లు. మొదటి దాంట్లో సమయం, అలసట ముఖ్యం. రెండో దాంట్లో సామాను, వెసులుబాటు చూసుకోవాలి. మూడో దాంట్లో బరువు ఇసుక మీద ఎలా పడుతుందన్నదే లెక్క. ఒక ముక్కకు సరిపోయిన బండి ఇంకో ముక్కలో గుదిబండ కావచ్చు.

ముందు నెల, తర్వాత బండి

వాహనం కన్నా ముందు ప్రయాణపు నెల ఖాయం కావాలి. విశాఖలో ఏడాది వర్షపాతం వెయ్యి మిల్లీమీటర్లు దాటుతుంది. జైసల్మేర్‌లో అది సుమారు 200 మిల్లీమీటర్లే. జోధ్‌పూర్, జైసల్మేర్ మధ్య రైలు దారిలో ఉండే ఫలోదీలో 2016 మే 19న 51 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. అప్పటికి దేశంలో అదే రికార్డు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పగలు హాయిగా ఉంటుంది. అర్ధరాత్రి దాటాక మాత్రం ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలకు దిగవచ్చు కాబట్టి రగ్గులు తప్పనిసరి. అంటే సామాను పెరుగుతుంది.

నీళ్ల విషయంలో తీరప్రాంతం వారికి ఒక చిక్కుంది. విశాఖ ఉక్కపోతలో చెమట కారుతుంది, చొక్కా తడుస్తుంది, దాహం గుర్తొస్తుంది. ఎడారి పొడిగాలిలో చెమట పట్టగానే ఆరిపోతుంది. ఒంట్లో నీరు తగ్గుతున్న సంగతి తెలిసేసరికే తలనొప్పి మొదలవుతుంది. మనిషికి రోజుకు నాలుగైదు లీటర్ల చొప్పున నీళ్లు వెంట ఉండాలి. నలుగురికి రెండు రోజులకు 40 లీటర్లు, అంటే 40 కిలోల బరువు. ఎంచుకునే వాహనం ఈ బరువును కూడా మోయాలి.

రైలు

విశాఖను రాయ్‌పూర్‌తో కలిపే రైలు మార్గం 1931లో పూర్తయింది. మధ్య భారతపు సరుకును సముద్రానికి చేర్చడం దాని ఉద్దేశం. 1933లో విశాఖ రేవు ఓడలకు తెరుచుకుంది. పార్వతీపురం, రాయగడల మీదుగా తూర్పు కనుమలను దాటే ఆ మార్గమే నేడు విశాఖ నుంచి ఛత్తీస్‌గఢ్ వైపు వెళ్లే ప్రయాణికులకూ దగ్గరి దారి.

విశాఖ నుంచి జోధ్‌పూర్ నగరంలోని భగత్ కీ కోఠీ స్టేషన్‌కు వారానికోసారి ఎక్స్‌ప్రెస్ ఉంది. ఆ రోజు కుదరని వారు సమతా ఎక్స్‌ప్రెస్‌లోనో ఏపీ ఎక్స్‌ప్రెస్‌లోనో ఢిల్లీ చేరి, అక్కడ జైసల్మేర్ రైలు ఎక్కవచ్చు. దారి చుట్టయినా రైళ్లు ఎక్కువ. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్‌కు ఇంకా 300 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఆ రైలు ఫలోదీ, రామ్‌దేవ్‌రా, పోఖ్రాన్ స్టేషన్ల మీదుగా సాగుతుంది.

రైలుకున్న పెద్ద బలం బెర్తు. ప్రయాణికుడు పడుకున్నా బండి నడుస్తూనే ఉంటుంది. కారులో వెళ్లేవారు రాత్రిపూట ఆగక తప్పదు. స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ ఒక్కొక్కరు 40 కిలోల సామాను ఉచితంగా తీసుకెళ్లవచ్చు. గుడారం, రగ్గులు, కెమెరా సరంజామా అన్నీ అందులో సర్దుకోవచ్చు. రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది. చలికాలం పర్యాటకుల రద్దీ ఉంటుంది కాబట్టి మొదటి వారంలోనే టికెట్లు తీసుకోవడం మేలు.

రాజస్థాన్‌లో సొంత మోటార్‌సైకిల్ మీదే తిరగాలనుకునేవారికి మధ్యేమార్గం ఒకటుంది. బండిని రైల్లో వేసి, తామూ అదే రైలెక్కడం. స్టేషన్ పార్సిల్ ఆఫీసులో ఆర్‌సీ నకలు, గుర్తింపు కార్డు చూపాలి. ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసేయాలి. హెడ్‌లైటు, హ్యాండిల్, ట్యాంకు గీతలు పడకుండా గోనెపట్టా చుట్టించాలి. ఎక్కడి నుంచి ఎక్కడికో రాసిన అట్టముక్క బండికి కట్టించాలి. దిగిన చోట పెట్రోలు బంకు దాకా బండిని తోసుకెళ్లాల్సి వస్తుంది.

సొంత కారు, మోటార్‌సైకిల్

రోడ్డు దారిలో మొదటి భాగమే కష్టమైనది. విజయనగరం, సాలూరు దాటాక ఘాట్ రోడ్డు ఎక్కి కొరాపుట్, జయపురం, జగదల్‌పూర్ మీదుగా రాయ్‌పూర్ చేరాలి. జగదల్‌పూర్ తర్వాత కేశ్‌కాల్ ఘాట్ మరొకటి. ఈ అవస్థ తీర్చడానికే 464 కిలోమీటర్ల రాయ్‌పూర్–విశాఖ ఆరు వరసల రహదారిని తలపెట్టారు. రాయ్‌పూర్ నుంచి నాగ్‌పూర్, భోపాల్, కోటా, జోధ్‌పూర్ మీదుగా జైసల్మేర్‌కు చాలా వరకు మంచి రహదారులే ఉన్నాయి.

రోజుకు 450 కిలోమీటర్ల లెక్కన వెళ్లేందుకు ఐదు రోజులు, తిరిగొచ్చేందుకు ఐదు రోజులు పడుతుంది. పది రోజుల సెలవు దారికే సరిపోతుంది. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు రానూపోనూ 300 లీటర్ల దాకా ఇంధనం కావాలి. నలుగురు పంచుకుంటే ఆ ఖర్చు భరించదగినదే. ఒక్కరో ఇద్దరో అయితే టోల్‌గేట్లు, లాడ్జీలు కలిపి రైలు ఖర్చు కన్నా చాలా ఎక్కువవుతుంది. మోటార్‌సైకిల్‌కు ఇంధనం సగం కూడా పట్టదు గానీ, రోజుకు 450 కిలోమీటర్లు సీటు మీద కూర్చోవడం నడుముకు పరీక్షే. ఛత్తీస్‌గఢ్‌లో రోడ్డు మీద పడుకున్న పశువులు, రాజస్థాన్‌లో అడ్డొచ్చే ఒంటెలు చీకట్లో కనిపించవు. అందుకే చీకటి పడ్డాక బండి నడపకూడదన్నది ఈ దారిలో మొదటి నియమం.

ఇసుక మీద గాలి లెక్క

రెండు వేల కిలోమీటర్లు సునాయాసంగా వచ్చిన కారు ఇసుకలో ఇరవై అడుగులకే కూరుకుపోవచ్చు. విశాఖ ఆర్కే బీచ్‌లో అలలు తడిపిన ఇసుక మీద పాదం పెద్దగా దిగదు, పైనున్న పొడి ఇసుకలో చీలమండ దాకా దిగుతుంది. రేణువుల మధ్య ఉన్న పల్చటి నీటిపొర వాటిని పట్టి ఉంచుతుంది. ఎడారిలో ఆ పట్టు ఉండదు కాబట్టి బరువును ఎక్కువ వైశాల్యం మీదికి పరచడం ఒక్కటే మార్గం.

టైరు నేల మీద వేసే ఒత్తిడి దాదాపు లోపలి గాలి ఒత్తిడికి సమానంగా ఉంటుంది. 1,800 కిలోల జీపులో ఒక్కో టైరు మీద 450 కిలోలు పడతాయి. పంక్చర్ షాపులో 32 పాయింట్ల గాలి కొట్టిస్తే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.25 కిలోల ఒత్తిడి. అంటే టైరు 200 చదరపు సెంటీమీటర్ల మేర నేలను తాకుతుంది. గాలిని 16 పాయింట్లకు దించితే అది 400 అవుతుంది. బండి బరువు అంతే ఉన్నా ఇసుక మీద భారం సగానికి తగ్గుతుంది. తారురోడ్డు ఎక్కే ముందు మళ్లీ గాలి నింపాలి. లేకపోతే టైరు వేడెక్కి పక్కలు చిరుగుతాయి. అందుకే ఎడారి వాహనంలో గాలి కొట్టే చిన్న పంపు, పార, చక్రాల కింద వేసే పలకలు ఉండాలి.

ఈ పాఠాలు కొన్ని ఒక సైనిక ఇంజనీరు పరిశీలన నుంచి వచ్చాయి. బ్రిటిష్ సైన్యంలోని రాల్ఫ్ బాగ్నోల్డ్ 1920, 30 దశకాల్లో ఈజిప్టు, లిబియా ఎడారుల్లో ఫోర్డ్ కార్లు నడిపాడు. టైర్లలో గాలి తగ్గించడం, కూరుకున్న చక్రాల కింద ఇనుప రేకులు వేయడం ఆయన బృందం విరివిగా వాడిన పద్ధతులు. ఇసుక కదలిక మీద 1941లో ఆయన ప్రచురించిన శాస్త్రగ్రంథం నేటికీ ప్రామాణికమే.

తిన్నెకు రెండు ముఖాలుంటాయి. గాలి వచ్చే వైపు వాలు తక్కువ, ఇసుక గట్టిగా ఉంటుంది. శిఖరం దాటి ఇసుక జారిపడే అవతలి వైపు వాలు 32 నుంచి 34 డిగ్రీలుంటుంది, ఇసుక వదులుగా ఉంటుంది. అవతల ఏముందో చూడకుండా శిఖరం దాటిన బండి బోల్తా పడవచ్చు. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నంత మాత్రాన ఈ ప్రమాదం తప్పదు. తిన్నెల మీద ఒంటరి బండి వెళ్లకూడదని, లాగడానికి రెండోది వెంట ఉండాలని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

ఒంటె

పంపు, పార అవసరం లేని వాహనం ఒంటె. అడుగు వేయగానే దాని మెత్తటి వెడల్పు పాదం ఇంకా విచ్చుకుని బరువును పరుస్తుంది. ఎండలో దాని ఒంటి వేడి 40 డిగ్రీల దాకా పెరిగి రాత్రికి 34కు దిగుతుంది. అందువల్ల చెమట రూపంలో నీరు పోగొట్టుకోవడం తక్కువ. నడక గంటకు నాలుగైదు కిలోమీటర్లు. నాలుగైదు కిలోమీటర్ల తిన్నెలకు అది చాలు. రోజంతా ఎక్కితే అలవాటు లేనివారికి తొడలు ఒరుసుకుపోతాయి. రాజస్థాన్ 2014లో ఒంటెను రాష్ట్ర జంతువుగా ప్రకటించింది. అయినా 2012, 2019 పశుగణనల మధ్య దేశంలో ఒంటెల సంఖ్య 37 శాతం తగ్గి 2.5 లక్షలకు చేరింది. పర్యాటకుడిచ్చే కిరాయి వాటిని పెంచేవారికి మిగిలిన కొద్ది ఆదాయాల్లో ఒకటి.

తిన్నెల చుట్టూ 3,162 చదరపు కిలోమీటర్ల ఎడారి జాతీయ వనం ఉంది. కర్నూలు ప్రాంతపు రోళ్లపాడుకు పేరు తెచ్చినదీ, థార్‌లో చివరి ఆశ్రయం వెతుక్కుంటున్నదీ ఒకే బట్టమేక పిట్ట. అది గూడు కట్టదు. నేల మీదే, సాధారణంగా ఒక్క గుడ్డు పెడుతుంది. దారి తప్పిన జీపు చక్రం కింద అది నలిగిపోతే డ్రైవరుకు తెలియను కూడా తెలియదు. అనుమతించిన దారిని దాటి బండి తిప్పకూడదు. జైసల్మేర్‌కు వాయవ్యాన ఉన్న తనోట్ గ్రామం దాటి సరిహద్దు స్తంభం దగ్గరికి వెళ్లాలంటే బీఎస్ఎఫ్ అనుమతి తీసుకోవాలి.

తేలిన లెక్క

వారం, పది రోజుల సెలవున్న కుటుంబానికి రాజస్థాన్ దాకా రైలు, జైసల్మేర్ నుంచి కిరాయి కారు, ఇసుక మీద ఒంటె సరైన ఎంపిక. ఇద్దరు ముగ్గురు మిత్రులు రాజస్థాన్‌లో స్వేచ్ఛగా తిరగాలనుకుంటే మోటార్‌సైకిళ్లను రైల్లో వేసుకోవడం మంచిది. దారిలోని ఊళ్లు చూడడమే ముఖ్యమనుకునే వారికి, కనీసం మూడు వారాల సమయం, మార్చి మార్చి నడపడానికి ఇద్దరు డ్రైవర్లు ఉంటేనే సొంత కారు. తిన్నెలెక్కాలన్న సరదా కోసం విశాఖ నుంచి ఫోర్ వీల్ డ్రైవ్ నడుపుకుంటూ వెళ్లనక్కర్లేదు. ఆ ఇసుకను ఎరిగిన డ్రైవరుతో సహా జీపు జైసల్మేర్‌లోనే కిరాయికి దొరుకుతుంది.